ఉగ్గాని రాణికి

కర్నూలు,
ఆదివారం రాత్రి

ఏమే ఉగ్గాని రాణీ,

రెండు నెలలైనా నీ ఉత్తరానికి జవాబు రాయలేదు, కోపగించుకోకు. నాన్న మోకాళ్ల నొప్పి తగ్గింది. తుంగభద్రకు నీళ్లొచ్చాయి. సరే, అసలు సంగతి విను. చెల్లికి శుక్రవారం తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది!

కొండారెడ్డి బురుజు మెట్లెక్కుతూ చెల్లి సగంలోనే గొంతుక్కూర్చునేది, గుర్తుందా? పెదవులు నీలంగా మారితే "నేరేడు పళ్లు తిన్నావా?" అని అడిగేదానివి. మనకేం తెలుసు అప్పుడు! ఆరో ఏట ఆపరేషన్ చేసి గుండెలో రంధ్రం మూశారు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్లే దారి వెడల్పు చేశారు. అంతటితో అయిపోయిందని మేమనుకున్నాం.

పెళ్లి మాటలప్పుడు పెద్దవాళ్లంతా ఆ విషయం దాచమన్నారు. అది వినలేదు. మొదటి సంబంధం వాళ్లు కాఫీ సగంలోనే వదిలి లేచారు, ఆ మంట నాకింకా చల్లారలేదు. మరిది మాత్రం "డాక్టరుగారిని నేనూ కలుస్తాను" అన్నాడు. ఆ ఒక్క మాటకే అతన్ని... సరే, అది ఇంకోసారి.

గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరుగుతుందట, ఆ బరువంతా గుండే మోయాలి. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం బాగా పెరిగినవాళ్లకు గర్భం ప్రాణాంతకమనీ, చెల్లిది ఆ పరిస్థితి కాదనీ డాక్టరుగారు ముందే పరీక్షలు చేసి చెప్పారు. అయినా ఇరవయ్యో వారంలో కడుపులో బిడ్డ గుండెకు ఎకో స్కాన్ తీసినప్పుడు బయట బెంచీ మీద నా చేతులు మంచులా ఉన్నాయి. తల్లికి ఇలాంటి గుండె లోపం ఉంటే బిడ్డకూ వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు వరకు ఉంటుందట. తెరమీద నాలుగు గదులూ చక్కగా కనిపించాయని చెప్పాకే అమ్మ నీళ్లు తాగింది.

కాన్పుకు ఆపరేషన్ తప్పదనుకున్నాం. గుండెకు మామూలు కాన్పే మేలన్నారు. నొప్పులు గుండెను పరుగెత్తించకుండా వెన్నులో మందిచ్చారు, చివర్లో ఎక్కువ ముక్కనివ్వకుండా వాక్యూమ్‌తో బిడ్డను తీశారు. నన్ను లోపలికి పిలిచేసరికి అది అలసిపోయి, కళ్లు తెరవకుండానే అడిగింది: "అక్కా, పెదవులు?"

వంగి చూశాను. దానిమ్మ గింజల్లా ఉన్నాయే! "నేరేడు పళ్లు తినలేదే" అన్నాను. నవ్వుతూ ఏడ్చింది. నేను మాత్రం ఏడుస్తూనే ఉండిపోయాను.

ఇంకా మానిటర్ తీయలేదు. కాన్పయ్యాక గర్భసంచి ముడుచుకుని అక్కడి రక్తం గుండెకు తిరిగొస్తుంది, అందుకే మొదటి రెండు మూడు రోజులే ఎక్కువ జాగ్రత్తట. రాత్రంతా ఆ గీతనే చూస్తూ కూర్చుంటున్నాను.

నర్సు పిలుస్తోంది, పాపకు పాలు పట్టించాలట. పేరు నువ్వే