నోటరీ ఖాళీలు ఎక్కడున్నాయో చెప్పండి: న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ న్యాయశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మంత్రి గారూ, నేను ఒక మండల కేంద్రంలో, జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో 13 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. పోయిన నెల ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, పొలం పాస్‌బుక్‌లో ఇంకోలా పడింది. రెండు పేర్లూ తనవేనని అఫిడవిట్ కావాలి. టైపు చేయడానికి పది నిమిషాలు పట్టింది. మా ఊళ్లో నోటరీ లేరు కాబట్టి సీలు కోసం బస్సెక్కి పక్క పట్నం వెళ్లింది. ఆ రోజు కూలి పోయింది. సాయంత్రం వచ్చి కాగితం చూపించింది. "నోటరీ గారు ఏమడిగారమ్మా?" అన్నాను. "ఆయన కనపడలేదమ్మా. జిరాక్సు షాపులోనే సీలేసి ఇచ్చారు" అంది. కాగితం మీద మాత్రం "నా సమక్షంలో ప్రమాణం చేసి సంతకం చేశారు" అని ఉంది.

ఆవిడకు పని జరిగిపోయింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. రేపు ఎవరైనా ఆ కాగితాన్ని కోర్టులో ప్రశ్నిస్తే ఆవిడ ఏం చెబుతుంది? ఎదురుగా మనిషిని కూర్చోబెట్టుకుని, రాసింది చదివి వినిపించి, ప్రమాణం చేయించి, రిజిస్టరులో ఎక్కించాలి. నోటరీ పనంటే అదీ. పది ఊళ్లకు ఒకరే నోటరీ ఉన్నచోట, అసలెవరూ లేనిచోట, ఇలాంటి సీళ్లే తిరుగుతాయి.

మా జూనియర్లు తరచూ అడుగుతుంటారు, "మేడం, నోటరీ ఎలా అవ్వాలి?" అని. సగం జవాబు సులువే. 1956 నాటి నోటరీల నిబంధనల ప్రకారం లాయరుగా 10 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, మహిళలకు 7 ఏళ్లు చాలు. దరఖాస్తు మీద ఒక మేజిస్ట్రేటు, జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు పెట్టాలి. ఆ అయిదు సంతకాల కోసం నేను రెండు వారాలు తిరిగాను. బ్యాంకు మేనేజరు గారు "ఇలాంటి కాగితం నేనెప్పుడూ చూడలేదమ్మా" అంటూ మూడుసార్లు తిప్పారు.

మిగతా సగానికే నా దగ్గర జవాబు లేదు. దరఖాస్తు ఇచ్చి మూడేళ్లయింది. ఇంటర్వ్యూకి పిలవలేదు, తిరస్కరించామనీ రాయలేదు. అడిగితే "పైనుంచి రావాలి" అన్నారు. అసలు మా ప్రాంతానికి ఖాళీ ఉందో లేదో కూడా ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్లు ఉన్నవాళ్లకే ఆ సమాచారం అందుతుంటే, మండల కోర్టుల్లో పనిచేసే ఆడవాళ్లకు 7 ఏళ్ల సడలింపు ఇచ్చి ఏం లాభం?

నిబంధనలు మార్చడం కేంద్రం చేతిలో ఉందని నాకు తెలుసు. రాష్ట్రానికి ఎంతమంది నోటరీలన్న గరిష్ఠ సంఖ్యా అక్కడిదే. కానీ ఆ సంఖ్యలోంచి ఏ ఊరికి ఎవరిని వేయాలన్నది మీ శాఖ పని. నోటరీల చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం ప్రతి జనవరిలో నోటరీల జాబితా గెజిట్‌లో వేయాలి కదా, దాని పక్కనే మండలాల వారీగా ఖాళీలు కూడా వేయించండి. దరఖాస్తు ఏ దశలో ఉందో ఫోన్‌లో చూసుకునేలా చేయండి. కాదంటే కాదని, కారణంతో, ఒక గడువులోగా రాయించండి.

ఇంకో మాట. అదనంగా నోటరీ కావాలా వద్దా అని తేల్చేటప్పుడు ఆ ప్రాంతపు వాణిజ్య ప్రాముఖ్యం చూడాలని నిబంధనల్లో ఉంది. ఆ లెక్కన మా మండలం ఎప్పుడూ వెనకే. మా దగ్గర పెద్ద కంపెనీలు లేవు. పేరు తప్పు పడ్డ పాస్‌బుక్కులు, చదువులో గ్యాప్ వచ్చిన పిల్లలు, సర్టిఫికెట్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అదే నిబంధనలో ఇప్పటికే ఉన్న నోటరీల సంఖ్య కూడా చూడాలని ఉంది. మా దగ్గర ఆ సంఖ్య సున్నా. దాన్ని ముందు చూడమని మీ అధికారులకు చెప్పండి.

ఈ వారం ఆ పెద్దావిడ చెల్లెలు వచ్చింది. ఆమె పాస్‌బుక్‌లోనూ అదే తప్పు. అఫిడవిట్ టైపు చేసి పెట్టాను. మళ్లీ ఆ జిరాక్సు షాపుకే పంపడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇట్లు,
ఒక మండల కోర్టు న్యాయవాది