ఆ పిల్లలేం చేశారు మావా?

మావా,

ఇక్కడ అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్‌లో రూల్ తప్పితే ఏం చేస్తారని అడిగావు. కాలేజీ పీడీవి, నీకు కాక ఎవరికి చెప్తాను! ఇది మన ఫుట్‌బాల్ కాదులే, కోల బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట.

మా డాలస్‌లోనే సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ ఉంది, అందరూ ఎస్‌ఎంయూ అంటారు. ఎరిక్ డికర్సన్ ఆడిన 1982లో ఒక్క ఆటా ఓడని జట్టు. అప్పట్లో ఆటగాళ్లకి స్కాలర్‌షిప్ తప్ప చేతికి డబ్బు ముట్టకూడదు. వీళ్లేమో గుట్టుగా ఇచ్చేవాళ్లు. 1985లో కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ శిక్ష వేసినా మానలేదు. ఆ తర్వాత కూడా 13 మందికి సుమారు 61 వేల డాలర్లు ముట్టాయని తేలింది. దాంతో 1987 ఫిబ్రవరిలో 'డెత్ పెనాల్టీ' వేశారు. ఆ ఏడు సీజన్ మొత్తం రద్దు, మరుసటేడు సొంత మైదానంలో ఆటల్లేవు. బయటికెళ్లి ఆడుకోవచ్చన్నారు గానీ, జట్టు ఎక్కడ మిగిలింది? ఆ ఏడూ మానుకున్నారు. పైగా నాలుగేళ్లలో 55 స్కాలర్‌షిప్పులు కోత.

నాకు కడుపు మండేది ఇక్కడే మావా. అప్పటి యూనివర్సిటీ బోర్డు ఛైర్మన్ బిల్ క్లెమెంట్స్, 1987 నాటికి టెక్సస్ గవర్నర్. ఆటగాళ్లకి మాటిచ్చాం కాబట్టి డబ్బు ఇస్తూ పోదామని బోర్డులో అనుకున్నామని ఆ మార్చిలో ఆయనే ఒప్పుకున్నాడు. అయినా 1991 దాకా గవర్నర్‌గానే ఉన్నాడు. 1989లో మళ్లీ మొదలైన జట్టులో దాదాపు అందరూ కొత్త కుర్రాళ్లు. హ్యూస్టన్ యూనివర్సిటీ చేతిలో 95–21తో ఓడారు. ఆ పాత డబ్బుతో వాళ్లకేం సంబంధం? బౌల్ గేమ్ అంటే సీజన్ చివర్లో మంచి జట్లకి దక్కే ప్రత్యేక మ్యాచ్, మళ్లీ అలాంటిదొకటి ఆడేసరికి 2009 వచ్చింది.

యూఎస్‌సీ, అంటే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీలోనూ ఇదే కథ. అక్కడి స్టార్ ఆటగాడు రెజ్జీ బుష్ కుటుంబం డబ్బూ కానుకలూ తీసుకుందని 2010లో శిక్ష వేసేసరికి అతను ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నాడు, కోచ్ పీట్ క్యారల్ సియాటిల్ వెళ్లిపోయాడు. రెండేళ్ల బౌల్ నిషేధం, 30 స్కాలర్‌షిప్పుల కోత మాత్రం అక్కడ మిగిలిన పిల్లల నెత్తిన పడ్డాయి. బుష్‌కి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీని 2024లో తిరిగిచ్చేశారు. ఆ పిల్లలకి ఆడాల్సిన ఆటలు ఎవరిస్తారు?

ఈ మధ్య కాస్త దారిలో పడ్డారు. 2023లో ఇలాంటి తప్పుకే టెన్నెసీ యూనివర్సిటీకి 80 లక్షల డాలర్ల జరిమానా వేశారు, బౌల్ నిషేధం పెట్టలేదు. కోచ్ జెరెమీ ప్రూయిట్‌ని ఆరేళ్లపాటు మరో కాలేజీ తీసుకోవాలంటే ఎన్‌సీఏఏకి సంజాయిషీ చెప్పుకోవాలి. అలా ఉండాలి! తప్పు చేసినవాడి వెంట శిక్ష వెళ్లాలి గానీ, వాడు ఖాళీ చేసిన గదిలోకి కాదు.

ఇంకోటి విను, అప్పుడు తప్పన్నదే ఇప్పుడు రూల్. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బిస్తున్నాయి, ఒక్కో కాలేజీ ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైన ఇవ్వొచ్చు. ఎస్‌ఎంయూ 2024లో జాతీయ టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్‌కీ చేరింది.

అది సరే, మీ టోర్నమెంట్లలో ఒకడు దొంగ వయసు సర్టిఫికెట్ తెచ్చాడని టీమంతటినీ తీసేస్తే, మిగతా పిల్లలకి నువ్వేం చెప్తావ్? సంతకం పెట్టించినవాణ్ని ఏమైనా అంటారా? తప్పకుండా రాయి. అక్కయ్యని అడిగానని చెప్పు.

నీ మావ