చదవడం నేర్పే ఆ ఒక్క పీరియడ్‌ని కాపాడండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఇది మీకు నా నాలుగో ఉత్తరం. ముందటి మూడూ ఆఫీసు ద్వారానే పంపాను. ఒక్కదానికి 'పరిశీలనలో ఉంది' అని జవాబొచ్చింది, అంతే. అందుకే ఈసారి అందరూ చూసేలా రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

వెనకబడిన పిల్లలకి చదవడం నేర్పడానికే రోజూ ఒక పీరియడ్ ఉండాలని మీరు ఉత్తర్వు ఇచ్చినప్పుడు మేం నిజంగా సంతోషించాం సార్. టైమ్‌టేబుల్లో ఆ పీరియడ్ ఇప్పటికీ ఉంది. కానీ ఎవరైనా టీచరు సెలవు పెడితే నన్ను సర్దుబాటు చేసేది ఆ పీరియడ్‌లోనే, మధ్యాహ్నంలోగా వివరాలు అప్‌లోడ్ చేయమని మెసేజ్ వస్తే కూర్చునేది ఆ పీరియడ్‌లోనే, మీటింగులూ అప్పుడే, పరీక్షలు దగ్గరపడితే సిలబస్ కాలేదని తోటి టీచర్లు అడిగేదీ దాన్నే, పాపం వాళ్లనీ తప్పు పట్టలేను. పోయిన నెల లెక్క చూసుకుంటే అది జరిగింది ఆరు రోజులు. పైకి పంపే ఫారంలో మాత్రం అన్ని రోజులకీ టిక్ పెట్టమన్నారు.

నా ఐదో తరగతిలో ఒక పాప ఉంది. పాఠం తీయమంటే మొదటి పేజీ గడగడా చదివేస్తుంది, తనిఖీకి వచ్చినవాళ్లు వెరీ గుడ్ అని వెళ్లారు. మధ్యలో 'పలక' అన్న మాట మీద వేలు పెట్టి ఇదేంటమ్మా అంటే నా మొహంలోకి చూస్తుంది. పేజీ మొత్తం విని బట్టీ పట్టింది సార్. ప ఏదో వ ఏదో తెలియదు, ఒత్తు కనిపిస్తే వదిలేస్తుంది, 'అమ్మ' కూడా 'అమ' అవుతుంది. తీసివేతలు చక్కగా చేస్తుంది, అదే లెక్కని వాక్యంలో రాసిస్తే పెన్సిల్ కింద పెట్టేస్తుంది. అంత తెలివీ చదవడం రాదన్న సంగతి దాచుకోవడానికే ఖర్చయిపోతోంది.

వరసగా నాలుగు రోజులు పీరియడ్ దొరికినప్పుడు ప, వ పక్కపక్కన రాసి, పలికించి, కలిపి చదివించాను. నాలుగో రోజు 'వల', 'పలక' ఎవరూ చెప్పకుండా చదివింది. తర్వాత పదిరోజులు నాకు ఆ పీరియడ్ దక్కలేదు. మళ్లీ కూర్చోబెట్టేసరికి మొదటికొచ్చింది.

చదవడం వచ్చినవాళ్లు ఇంకా చదువుతారు, రానివాళ్లు పుస్తకం తప్పించుకుని తిరుగుతారు, ఏటా ఆ దూరం పెరుగుతుందని కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లోనే రాశారు. మేం రోజూ చూస్తున్నది అదే.

కొత్త యాప్ వద్దు, ఒక్కరోజు శిక్షణలు వద్దు. ఆ పీరియడ్‌లో టీచర్ని ఇంకే పనికీ పిలవకూడదని ఒక్క మాట రాసివ్వండి. ఏ తరగతి అని కాకుండా ఎవరికి ఎంతవరకు వచ్చో చూసి గ్రూపులు చేసుకోనివ్వండి. జరగని రోజు జరగలేదని రాసే ధైర్యం మాకివ్వండి. మళ్లీ చెబుతున్నాను, ముందు ఆ పీరియడ్‌ని కాపాడండి.

ఇంకో మూడు నెలల్లో ఆ పాప ఆరో తరగతికి వెళ్లిపోతుంది. అక్కడ ప, వ దగ్గర మొదలుపెట్టేవాళ్లు ఉండరు. ఈ మూడు నెలలైనా మాకు ఇప్పించండి సార్.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల టీచరు