ప్యాకెట్ ముందువైపే ఉప్పు లెక్క వేయాలి

సంపాదకులకు నమస్కారం.

బీపీ ఉందని తేలినవారికి డాక్టరు చెప్పే మొదటి మాట ‘ఉప్పు తగ్గించండి’ అని. ఇంటికెళ్లి వంటలో చిటికెడు తగ్గిస్తారు. కొనుక్కొచ్చే ప్యాకెట్ల సంగతి చాలామందికి తట్టదు. తట్టినా లెక్క తేలదు. చాలా ప్యాకెట్ల మీద ఉప్పు ఎంతన్నది ఉండదు, వెనకవైపు చిన్న అక్షరాల పట్టికలో సోడియం ఇన్ని మిల్లీగ్రాములని మాత్రమే ఉంటుంది.

ఉదాహరణకు 150 గ్రాముల చిరుతిండి ప్యాకెట్ తీసుకోండి. ‘ఒక సర్వింగుకు సోడియం 250 మిల్లీగ్రాములు’ అని ఉందనుకుందాం. తక్కువే అనిపిస్తుంది. సర్వింగ్, అంటే ఒకసారికి తినే మోతాదు, 30 గ్రాములని పైన ఎక్కడో ఉంటుంది. అంటే ప్యాకెట్‌లో ఐదు సర్వింగులు, 1,250 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పు బరువులో సోడియం దాదాపు 40 శాతమే, మిగతాది క్లోరైడ్. కాబట్టి దాన్ని రెండున్నరతో గుణించాలి. 3,125 మిల్లీగ్రాములు, అంటే 3 గ్రాములు దాటిన ఉప్పు! పెద్దవారికి రోజు మొత్తం మీద 5 గ్రాములలోపే ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆ ఒక్క ప్యాకెట్‌తోనే అందులో 60 శాతం పైన అయిపోయింది. కొట్లో నిలబడి ఇంత లెక్క ఎవరు కడతారు?

నాలుకను నమ్ముకుని లాభం లేదు. పైన చల్లిన ఉప్పు వెంటనే తెలుస్తుంది, పిండిలో కలిసిపోయింది అంతగా తెలియదు. బ్రెడ్డులో, తియ్యటి బిస్కెట్లలో కూడా అది ఉంటుంది. వంటసోడా, రుచికి వేసే మోనోసోడియం గ్లుటమేట్, నిల్వకు వేసే సోడియం బెంజోయేట్ కూడా సోడియాన్ని పెంచేవే.

సోడియం ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది, నాళాల్లో తిరిగే రక్తం పరిమాణం పెరుగుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఇదే సాగితే నాళాల గోడలు బిరుసెక్కుతాయి. పక్షవాతం, గుండెపోటు, కిడ్నీ దెబ్బతినడం తరవాతి మెట్లు. ఇంత జరుగుతున్నా చాలామందికి నొప్పి గానీ సూచన గానీ ఉండదు. తగ్గిస్తే మాత్రం ఫలితం తొందరగానే వస్తుంది. 2001లో వెలువడిన డ్యాష్-సోడియం అధ్యయనంలో అవే మనుషులకు మూడు మోతాదుల సోడియం నెలేసి రోజులు ఇచ్చి చూశారు. సోడియం తగ్గినకొద్దీ బీపీ తగ్గింది. బీపీ ఎక్కువున్నవారిలో మరింత తగ్గింది.

చైనా గ్రామాల్లో జరిగిన మరో అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. పక్షవాతం వచ్చినవారు, అరవై దాటి బీపీ ఉన్నవారు సుమారు 21,000 మంది అందులో ఉన్నారు. నాలుగో వంతు సోడియం లేని పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడిన ఊళ్లలో, మామూలు ఉప్పు వాడిన ఊళ్లతో పోలిస్తే, పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే కిడ్నీ జబ్బున్నవారు, ఒంట్లో పొటాషియాన్ని నిలిపే బీపీ మందులు వాడేవారు డాక్టర్ని అడగకుండా ఈ ఉప్పు జోలికి పోకూడదు. పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పుతుంది.

ఉప్పు ఒక్కసారిగా తగ్గిస్తే తిండి చప్పగా ఉందని మానేస్తారు. మెల్లగా తగ్గిస్తే నాలుక కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. కంపెనీలూ ఇలాగే తగ్గించాలని నియమం పెట్టాలి. చిలీలో 2016 నుంచి సోడియం ఎక్కువున్న ప్యాకెట్ల ముందువైపు ఎనిమిది భుజాల నల్లటి ముద్ర తప్పనిసరి. అలాంటి ముద్రతో పాటు ప్యాకెట్ మొత్తంలో ఉప్పు ఎన్ని గ్రాములో పెద్ద అక్షరాల్లో వేయించాలి. సర్వింగ్ ఎంతన్నది కంపెనీ ఇష్టానికి వదలకూడదు.

ఆ నియమం వచ్చేదాకా వెనకవైపు పట్టికలో ‘100 గ్రాములకు’ అన్న వరస చూడండి. సోడియం 120 మిల్లీగ్రాముల లోపుంటే తక్కువ, 600 దాటితే ఎక్కువ. ఆ వరసే లేకపోతే సర్వింగ్ సోడియాన్ని సర్వింగ్ బరువుతో భాగించి నూరుతో గుణించండి. పై ప్యాకెట్‌కు 833 వస్తుంది.

– పోషకాహార రంగంలో పనిచేస్తున్న ఒక పాఠకురాలు