మగ్గం చూపించని ఫ్యాషన్ పీజీ

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొన్ని ప్రైవేటు కాలేజీల్లో ఫ్యాషన్ డిజైన్ పీజీ కోర్సులు సరైన ల్యాబులు, అధ్యాపకులు లేకుండానే నడుస్తున్నాయి. మా అమ్మాయి అలాంటి చోటే రెండేళ్లు చదివింది. ప్యాటర్న్ మేకింగ్, అంటే గుడ్డ కత్తిరించడానికి కొలతల నమూనాలు గీయడం, మొత్తం బోర్డు మీదే చెప్పారు. కుట్టుమిషన్లు ఆరుంటే పనిచేసేవి రెండే, వాటి దగ్గర పిల్లలు వంతులు వేసుకునేవారు. చివరి సెమిస్టర్‌లో తయారుచేయాల్సిన దుస్తుల కలెక్షన్‌కి వన్‌టౌన్ వస్త్రలతలో గుడ్డ కొనుక్కొచ్చి, మా వీధి టైలర్ పక్కన కూర్చుని పని నేర్చుకుంటూ కుట్టుకుంది. అంతకంటే బాధ, రెండు నగరాల మధ్యే ఉన్న మంగళగిరికి వాళ్లను ఒక్కరోజు కూడా తీసుకెళ్లకపోవడం. ఆ ఊరి ప్రత్యేకతగా భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉన్న నిజాం అంచు చీరలను అక్కడ గుంత మగ్గాల మీద నేస్తారు. ఈమధ్య నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. తెగిన పడుగు పోగును నేతగాడు రెండు వేళ్లతో మెలిపెట్టి అతికిస్తుంటే మా అమ్మాయి కదలకుండా చూస్తూ ఉండిపోయింది. పీజీ పట్టా చేతికొచ్చాకనా అది చూడాల్సింది? కేంద్ర ప్రభుత్వ ఫ్యాషన్ విద్యాసంస్థ అయిన హైదరాబాద్ నిఫ్ట్‌లో సీటు అందరికీ రాదు, వచ్చినా ఫీజు, హాస్టల్ ఖర్చు మాలాంటి మధ్యతరగతికి మోయలేని భారం. కాబట్టి ఇక్కడి కోర్సులే గట్టిపడాలి. అనుబంధ గుర్తింపు ఇచ్చేటప్పుడు విశ్వవిద్యాలయాల తనిఖీ బృందాలు కాగితాలతో సరిపెట్టకుండా మిషన్లు ఆన్ చేయించి చూడాలి. మంగళగిరి మగ్గాల దగ్గర, పెడన కలంకారీ అద్దకం షెడ్లలో ఒక సెమిస్టర్ పని తప్పనిసరి చేయాలి. నేర్పే నేతన్నలకు, అద్దకం కార్మికులకు గౌరవ వేతనం కాలేజీలే ఇవ్వాలి, అదీ పిల్లల దగ్గర అదనంగా వసూలు చేయకుండా.

- ఓ విద్యార్థిని తల్లి, విజయవాడ