పాత లాప్‌టాప్‌కి కొత్త విండోస్: రఘుకి ఉత్తరం

రఘూ,

ఎలా ఉన్నావురా? నీ మెసేజ్ చూశాను. "ఈ కంప్యూటర్ విండోస్ 11కి పనికిరాదని వస్తోంది, అమ్మేయమంటావా?" అని అడిగావు. అమ్మకు. ఎందుకో రెండు ముక్కల్లో చెబితే తేలదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. నువ్వూ తీరిగ్గానే చదువు.

ముందు ఆ హెచ్చరిక సంగతి. నీ లాప్‌టాప్ పాడైపోయిందని దాని అర్థం కాదు. 2021లో విండోస్ 11 తెచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఒక గీత గీసింది. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపు ఎనిమిదో తరం నుంచీ ఉండాలి, టీపీఎం 2.0 (రహస్య కీలను భద్రంగా దాచే సెక్యూరిటీ భాగం) ఉండాలి, సెక్యూర్ బూట్‌కి (నమ్మదగిన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యే ఏర్పాటు) వీలుండాలి, కనీసం 4 జీబీ ర్యామ్ ఉండాలి. నీది ఐ5-6200యూ. డాష్ పక్కనున్న ఆ 6 అంటే ఆరో తరం, 2015లో వచ్చింది. నాదీ అదే తరం. అందులో ఇప్పుడు విండోస్ 11 నడుస్తోంది, ఈ ఉత్తరం దాని మీదే టైప్ చేస్తున్నాను.

ప్రాసెసర్ తరం అన్నది మైక్రోసాఫ్ట్ పెట్టుకున్న నియమం మాత్రమే. ఇన్‌స్టాలర్ అది చూసి ఆపేస్తుంది, కానీ ఆ చిప్‌కి విండోస్ 11ని నడిపే శక్తి ఉంది. నిజంగా దాటలేని అడ్డంకి వేరే ఉంది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి, ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్, ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఇన్‌స్ట్రక్షన్లు లేకపోతే సిస్టమ్ బూట్ కూడా అవదు, ఏ కిటుకూ పనిచేయదు. కోర్ 2 డుయో కంప్యూటర్లు అక్కడే ఆగిపోయాయి. నీ దాంట్లో ఆ రెండూ ఉన్నాయి, బెంగ పడకు.

ఇక టీపీఎం. చాలామంది తమ దాంట్లో అది లేనే లేదనుకుంటారు. మన లాప్‌టాప్‌ల కాలం వాటిలో చాలావాటిలో ఉంటుంది, ఆఫ్‌లో ఉంటుందంతే. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో టీపీఎం డాట్ ఎంఎస్‌సీ (tpm.msc) అని కొట్టు. నా దాంట్లో మొదట టీపీఎం కనబడలేదనే వచ్చింది. రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే తెరిచే సెట్టింగ్స్) వెళ్లాను. సెక్యూరిటీ పేజీలో బాగా కిందకి వెళితే ఇంటెల్ పీటీటీ (టీపీఎంకి ఇంటెల్ పెట్టిన పేరు) అని ఒక లైన్, దాని ఎదురుగా డిసేబుల్డ్ అని ఉంది. దాన్ని ఎనేబుల్డ్ చేసి, సేవ్ చేసి వచ్చి మళ్లీ చూస్తే కింద కుడివైపున స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని కనబడింది. ఎంత సంతోషం వేసిందో! ఇన్నేళ్లూ ఆ లాప్‌టాప్‌లోనే ఉందది. నీ బయోస్‌లో ఆ లైన్ వేరే పేజీలో ఉండొచ్చు, ఓపిగ్గా వెతుకు.

బయోస్ ముట్టుకునే ముందు ఒక్క పని మాత్రం తప్పకుండా చెయ్యి. డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేకుండా చదవలేనట్టు తాళం పడి) ఉందేమో సెట్టింగ్స్‌లో చూడు. నువ్వు ఆన్ చేయకపోయినా, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొన్ని కంప్యూటర్లలో దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. అలా ఉంటే 48 అంకెల రికవరీ కీ నీ అకౌంట్‌లో దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకో. బయోస్‌లో మార్పు జరిగాక ఒక నీలం స్క్రీన్ వచ్చి ఆ కీ అడిగిందంటే, అది లేకుండా ఫోటోలూ ఫైళ్లూ ఏవీ చేతికి రావు. ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఆ డ్రైవ్ పీకి పక్కన పెట్టు. కాపీ అయిన వాటిలో నాలుగైదు ఫైళ్లు తెరిచి కూడా చూసుకో.

ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే ముందు ఎస్‌ఎస్‌డీ (దానికన్నా చాలా వేగమైన డ్రైవ్) వేయించు. హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 పెట్టి "పాత మెషీన్ కదా, ఇంతే" అని తిట్టుకోవడం దానికి అన్యాయం. ర్యామ్ 8 జీబీ ఉంటే హాయి. పేరుకి 4 చాలని రాసినా, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే ఊపిరాడదు.

అసలు పని చిన్నదే. విండోస్ 11 ఐఎస్ఓ ఫైల్‌ని (ఇన్‌స్టాలర్ అంతా ఉండే ఒకే ఫైల్) మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే దింపుకో. ఎవరో "ముందే సరిచేసిన" విండోస్ అంటూ పెట్టిన ఫైళ్ల జోలికి వెళ్లకు. లోపల ఏం కలిపారో మనకేం తెలుస్తుంది? ఆ తర్వాత రూఫస్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌తో ఆ ఐఎస్ఓని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించు. పెన్ డ్రైవ్‌లో పాతవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకో. స్టార్ట్ నొక్కగానే టీపీఎం, సెక్యూర్ బూట్, ర్యామ్ నియమాలు తీసేయమంటావా అని అడుగుతుంది, టిక్ పెట్టు. తర్వాత పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేయకు. నడుస్తున్న విండోస్ 10లోనే దాన్ని తెరిచి సెటప్ మీద నొక్కు. ఫైళ్లూ యాప్‌లూ ఉంచమన్న ఆప్షన్ ఎంచుకో. అది ఎంచుకోవడానికి వీల్లేకుండా మసగ్గా కనబడితే అక్కడే ఆగి, క్యాన్సిల్ కొట్టెయ్. భాషో ఎడిషనో కలవలేదన్నమాట, సరైన ఐఎస్ఓతో మళ్లీ మొదలుపెట్టు.

ఛార్జర్ పెట్టే ఉంచు. మధ్యలో ఒకే శాతం దగ్గర చాలాసేపు కదలకుండా ఉంటుంది, టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కేయకు. అయ్యాక డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణాలు ఉన్నాయేమో చూడు. వైఫై, టచ్‌ప్యాడ్ లాంటి వాటికి విండోస్ 10 డ్రైవర్లే చాలావరకు పనిచేస్తాయి, ముందే దింపి ఉంచుకో. నచ్చకపోతే పది రోజుల్లోపు సెట్టింగ్స్ నుంచే విండోస్ 10కి వెనక్కి వెళ్లొచ్చు. ఆ లోపల డిస్క్ క్లీన్ చేస్తూ పాత విండోస్ ఫైళ్లు తీసేయకు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇన్‌స్టాల్ చేసిన రోజుతో పని అయిపోదు. ఇలాంటి కంప్యూటర్లకి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. నాకు నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తున్నాయి, కానీ ఏడాదికోసారి వచ్చే కొత్త వెర్షన్ దానంతట అది రావడం లేదు. ఒక్కో వెర్షన్‌కి హోమ్, ప్రో ఎడిషన్లలో రెండేళ్లే సపోర్ట్ ఉంటుంది. 24హెచ్2కి 2026 అక్టోబరు 13తో అయిపోతుంది. కాబట్టి ప్రతిసారీ ఆ గడువు ముగిసేలోపు ఇదే పెన్ డ్రైవ్ పని చేతులతో చేసుకోవాలి. ఆ బాధ్యత నీదేనని ఒప్పుకుంటేనే మొదలుపెట్టు. నీకు ఓపిక ఉందని నాకు తెలుసు కనుకే చెబుతున్నాను. అదే మీ నాన్నగారి కంప్యూటర్ అయి, చూసుకునేవాళ్లు దగ్గర లేకపోతే, వద్దనే చెప్పేవాణ్ణి. వారికి లైనక్స్ మింట్ (విండోస్‌కి బదులు ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టి బ్రౌజర్ చూపిస్తే చాలు, అప్‌డేట్లకి ఇబ్బంది ఉండదు.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. ముందు ఆ నమోదు చేసేయి, అప్పుడు హడావిడి లేకుండా మిగతాది చూసుకోవచ్చు. బ్యాకప్ అయ్యాక ఆ టీపీఎం స్క్రీన్ ఫోటో తీసి పంపు, బయోస్‌లో ఎక్కడ వెతకాలో ఫోన్‌లో ఇద్దరం కలిసి చూద్దాం.

నీ
శీను