ఆ అయిదు నిమిషాలు నాతో ఉన్నవాళ్లకి

అందరికీ నమస్కారం.

నేను ఆమదాలవలసలో మోటార్ రివైండింగ్ షాపు నడుపుతాను. మొన్న సంక్రాంతికి, ముక్కనుమ నాడు సిగరెట్ మానేశాను. 7 నెలలు దాటింది. 19 ఏళ్ల అలవాటు, రోజుకి పద్నాలుగో పదిహేనో కాల్చేవాణ్ణి. ఇది నేనొక్కణ్ణే చేసిన పని కాదు. నాకు తోడు నిలబడినవాళ్లకి ఒక్కొక్కరికీ ఎదురుగా చెబుదామనుకున్నాను గానీ, ఎదురుపడితే గొంతు పట్టేస్తోంది, మాట రావడం లేదు. అందుకే నలుగురిలో రాస్తున్నాను. పేర్లు రాయను. చదివితే ఎవరికి వాళ్లకి తెలుస్తుంది.

ముందు మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆవిడది కళింగపట్నం వైపు ఊరు. అడ్డపొగ తాగేది. మన తీరం ఊళ్లలో పెద్దవాళ్లని చూసినవాళ్లకి తెలుసు, చుట్ట వెలిగించాక నిప్పు ఉన్న కొసని నోటి లోపలికి పెట్టుకుని తాగుతారు. చిన్నప్పుడు పొయ్యిలోంచి నిప్పు తెచ్చి ఆవిడకి చుట్ట వెలిగించింది నేనే. చివరికి ఆవిడ అంగిలి మీద పుండు లేచింది. అది కాన్సర్ అని తేలేసరికి అన్నం మింగలేని స్థితికి వచ్చింది. గంజి కూడా చల్లార్చి చెంచాతో పోసేవాళ్లం. 1971లోనే మన శ్రీకాకుళం పల్లెల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి ఈ అడ్డపొగ మీద డాక్టర్లు పరిశోధన రాశారని ఈమధ్యే తెలిసింది. అంటే మా నాయనమ్మ పడుచుదిగా ఉన్నప్పటికే ఆ నిప్పు ఏం చేస్తుందో చదువుకున్నవాళ్లకి తెలుసు. మా ఇంటిదాకా రాలేదు ఆ మాట.

అంత చూసి కూడా నేను సిగరెట్ పట్టాను. కాబట్టి ఇన్నాళ్లూ మానలేకపోయింది భయం లేక కాదు. నాలుగుసార్లు మానేశాను, నాలుగుసార్లూ రెండో రోజో మూడో రోజో మళ్లీ మొదలుపెట్టాను. ఆ కోరిక పుట్టిందంటే తీర్చేదాకా పెరుగుతూనే ఉంటుందని, చివరికి పిచ్చెక్కిపోతుందని నా నమ్మకం. ఆ నమ్మకం తప్పని నాకు చెప్పినవాళ్లు ఉన్నారే, మొదటి దండం వాళ్లకి.

సిగరెట్ పెట్టె మీద 1800-11-2356 అని ఒక నంబరు ఉంటుంది, పొగాకు మానాలనుకునేవాళ్లకి ఫోన్లో సాయం చేసే క్విట్‌లైన్ నంబరు. 2018 నుంచి వేస్తున్నారు. ఎన్ని వేల పెట్టెలు చేత్తో చింపానో, ఒక్కరోజూ చదవలేదు. ఈసారి భోగి ముందు రోజు ఫోన్ చేశాను. డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడారు. అవతల ఉన్న మేడం నన్ను మందలిస్తారనుకున్నాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తారండీ?" అని. పళ్లు తోముకోకముందే అన్నాను. అలాంటివాళ్లకి నికోటిన్ అలవాటు గట్టిగా పట్టి ఉంటుందని, ఉత్త పట్టుదల మీదే వదిలేయకుండా డాక్టరుని కలిసి నికోటిన్ చూయింగ్ గమ్ సంగతి అడగమని చెప్పారు. మానే రోజు నా చేతే చెప్పించారు. ముక్కనుమ అన్నాను.

తర్వాత ఆవిడ చెప్పిన రెండు మాటలు నాకు ఇప్పటికీ కంఠతా ఉన్నాయి. ఒకటి, కోరిక ఎంత గట్టిగా వచ్చినా మూడు నుంచి అయిదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు ఉండి దిగిపోతుందని. తాగినా దిగిపోతుంది, తాగకపోయినా దిగిపోతుంది. ఇది వినగానే నా పని నాకు గుర్తొచ్చింది. మోటారు స్టార్ట్ చేసేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. మీటర్ ముల్లు అలా ఎగిరిపోతుంది. కొత్తగా చూసినవాడు మోటారు కాలిపోతోందని స్విచ్ ఆపేస్తాడు. రెండు క్షణాలు ఆగితే అదే దిగి నిలబడుతుంది. నాలుగుసార్లూ నేను చేసింది అదే, ముల్లు ఎగరగానే స్విచ్ ఆపేశాను.

రెండోది టెన్షన్ గురించి. "టెన్షన్ తగ్గడానికే తాగుతానండీ, మా పనిలో రైతులతో నిత్యం టెన్షనే" అన్నాను. ఒంట్లో నికోటిన్ సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుందట. పడిపోతున్నకొద్దీ చిరాకు, గాబరా. అప్పుడు ఇంకోటి వెలిగిస్తే ఆ గాబరా పోతుంది, హమ్మయ్య అనిపిస్తుంది. ఆ గాబరా రైతు వల్ల వచ్చింది కాదు, అంతకుముందు తాగిన సిగరెట్ పెట్టి వెళ్లింది. రోజువారీ వడ్డీకి తెచ్చి, ఆ వడ్డీ కట్టడానికి మళ్లీ అతని దగ్గరే తెచ్చే బాకీ లాంటిది. 19 ఏళ్లు దాన్నే ఊరట అనుకున్నాను.

గవర్నమెంటు ఆసుపత్రి డాక్టరు గారికి నమస్కారాలు. అంత రద్దీలోనూ ఒక ముక్క తను నమిలి చూపిస్తున్నట్టు చెప్పారు. 4 మిల్లీగ్రాముల గమ్ రాశారు. నేను ముందు దాన్ని కిళ్లీ నమిలినట్టు నమిలేశాను. వెక్కిళ్లు, కడుపులో మంట. తిరిగి వెళితే విసుక్కోలేదు. నెమ్మదిగా కొరకాలి, నాలుక మీద మిరియం తగిలినట్టు చురుక్కుమనగానే ఆపి బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టేయాలి, చురుకు తగ్గాక మళ్లీ నాలుగు కొరుకులు. ఇలా అరగంట. అంతకుముందు పావుగంట టీ, పుల్లటివి తాగకూడదు, తాగితే మందు సరిగ్గా ఒంటబట్టదు. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, "గమ్ వాడాను, పనిచేయలేదు" అన్నవాళ్లు మా ఊళ్లోనే ఇద్దరున్నారు. ఎలా నమిలారో అడిగాను. ఇద్దరూ నాలాగే నమిలారు. మీకు ఎంత మోతాదు కావాలో మాత్రం డాక్టరే చెప్పాలి. నేను వారాల లెక్కన తగ్గించుకుంటూ మూడు నెలలకి ఆపేశాను.

మా ఆవిడకి. మొదటి వారం నేను మనిషిని కాదు. మూడో రోజు పప్పులో ఉప్పు తగ్గిందని కంచం తోసేసి లేచిపోయాను. పిల్లలు గోడకి అంటుకుపోయి చూశారు. ఆమె ఒక్క మాట అనలేదు. వీధరుగు మీద కూర్చున్న నా దగ్గరికి వచ్చి, "రెండో రోజూ మూడో రోజే అన్నిటికంటే కష్టం అన్నారు కదండీ. మూడోది అయిపోవచ్చింది" అంది. ఆ మాట ఫోన్లో మేడం నాకు చెప్పింది. నేను మర్చిపోయాను, ఆమె గుర్తుపెట్టుకుంది. కంచం తోసిన సంగతి నేను మర్చిపోలేదు. పిల్లల ముందు క్షమాపణ అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను.

పొద్దున్నే టీ మాన్పించి చోడి అంబలి పెట్టింది కూడా ఆమే. అది కూడా ఊరికే కాదు. పొగ తాగేవాళ్ల ఒంట్లో టీ కాఫీల్లోని కెఫీన్ త్వరగా అరిగిపోతుందట. పొగ మానగానే అదే కెఫీన్ ఎక్కువసేపు ఉండిపోతుంది. ఎప్పటిలాగే రోజుకి ఎనిమిది టీలు తాగితే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, గుండె దడ. మనం అదంతా సిగరెట్ మానడం వల్ల అనుకుని మళ్లీ వెలిగిస్తాం. సగానికి సగం తగ్గించేశాను. నాలుగో రాత్రి నిద్ర పట్టింది.

మా షాపు ఎదురుగా టీ కొట్టు తాతకి. ఆయన కొట్టులో గుంజకి వేలాడే కొబ్బరి తాడు ఉంటుంది, కొస ఎప్పుడూ రాజుకుంటూ ఉంటుంది. నేను అక్కడికి వెళితే చెయ్యి దానంతటదే ఆ తాడు మీదికి పోయేది. మానేశానని చెప్పిన రోజు ఆయన, "నీకు ఇంక అమ్మను బావూ. కావాలంటే తిట్టు, పడతాను" అన్నారు. అయిదో రోజు నిజంగానే అడిగాను, నిజంగానే గొంతు పెంచాను. ఆయన ఉప్పేసిన ఉసిరికాయ ముక్కలు కాగితంలో కట్టి నా చేతిలో పెట్టి, వేరే గిరాకీ వైపు తిరిగిపోయారు. ఆయన పొట్ట గడిచేదే ఆ అమ్మకాల మీద. నా వల్ల రోజుకి రెండు వందల పైన బేరం పోయిందాయనకి. ఉసిరికాయకి డబ్బులు తీసుకోలేదు.

ఇప్పుడు మా పొందూరు పిన్ని. ఈవిడ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను.

పిన్ని నూలు వడుకుతుంది. పొందూరు ఖద్దరు పేరు తెలియనివాళ్లు ఉండరు గానీ, దాని వెనక పని ఎంతుందో చూసినవాళ్లు తక్కువ. తొమ్మిదో రోజు ఆదివారం. షాపు సెలవు. సెలవు రోజులు మరీ కష్టం, చేతులకి పని ఉండదు. చూడ్డానికి వెళ్లినట్టు పొందూరు వెళ్లాను. కూర్చుని వేళ్లు నలుపుకుంటున్నాను, లేస్తున్నాను, గుమ్మంలోకి వెళ్లి వస్తున్నాను. పిన్ని చూసింది. "ఏటి బావూ, ఆ చేతులు అలగ నలిపేస్తన్నావు? ఇటు రా, ఇది ఏకు" అని వాలుగ చేప దవడ ఎముక నా చేతికిచ్చింది.

వాలుగ దవడకి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి, ఇనప దువ్వెనలో కూడా అంత దగ్గరగా ఉండవు. గింజతో ఉన్న పత్తిని పట్టుకుని ఆ పళ్లతో దువ్వాలి. దువ్వితే చెత్త రాలిపోయి, గింజ చుట్టూ పోగులు తిన్నగా విప్పుకుంటాయి, చిన్నపిల్ల తల దువ్వినట్టు. బలంగా లాగామా, పోగు తెగుతుంది. మెల్లిగా, పట్టు విడవకుండా లాగాలి. నేను రాగి తీగతో పనిచేసే మనిషిని, నా చెయ్యి మోటు. మొదటి నాలుగు గింజలూ పాడుచేశాను. పిన్ని ఏమీ అనలేదు, పాడైనవి పక్కకి పెట్టి ఇంకో నాలుగు ఇచ్చింది. చెయ్యి మెల్లగా కదలాలంటే ఊపిరి మెల్లగా తియ్యాలని నాకు అక్కడ తెలిసింది. ఊపిరి బిగబడితే చెయ్యి గుంజుతుంది. పది పన్నెండు గింజలయ్యేసరికి చూసుకుంటే కోరిక లేదు. ఎప్పుడు పోయిందో తెలియలేదు. అరగంటకి మళ్లీ వచ్చింది, మళ్లీ ఏకాను. ఆ రోజు సాయంత్రం రైలెక్కేదాకా ఆవిడ పక్కనే ఉన్నాను. సిగరెట్ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు పిన్ని. వెళ్లేటప్పుడు మాత్రం, "మీ నాయనమ్మ నోరు నేను కడిగాను బావూ. నీది కడగలేను" అంది. ఆ తర్వాత అయిదు ఆదివారాలు వెళ్లాను.

ఒకసారి జారిపోయాను. దాచను. 23వ రోజు. మొక్కజొన్నకి నీళ్లు పెట్టే రోజులు, ఒక రైతు మోటారు చుట్టి ఇచ్చిన మూడో రోజే మళ్లీ కాలిపోయింది. తప్పు నాదా, ఓల్టేజీదా అన్నది పక్కన పెడితే, ఆయన పంట ఎండుతోంది, ఆయన అరిచాడు. అరవడంలో తప్పులేదు. ఆయన వెళ్లాక స్టేషన్ దగ్గర ఎవరినో అడిగి ఒకటి కాల్చాను. సగం. కళ్లు తిరిగాయి. అంతా పోయింది, ఇంక ఎందుకు అనిపించింది. ఆ వారంలోనే క్విట్‌లైన్ నుంచి వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు. చెప్పేశాను. మేడం, "ఆ సిగరెట్‌కి ముందు అరగంటలో ఏం జరిగిందో వరసగా చెప్పండి" అన్నారు. చెబుతుంటే నాకే తెలిసింది. మధ్యాహ్నం రెండున్నరైనా అన్నం తినలేదు. ఖాళీ కడుపున రెండు టీలు. మంచినీళ్లు లేవు. "రైతు అరవడం మీ చేతిలో లేదు, ఒంటిగంటకి అన్నం తినడం మీ చేతిలో ఉంది. 22 రోజులు ఎక్కడికీ పోలేదు, ఈరోజు నుంచి కొనసాగించండి" అన్నారు. అమ్మా, మీరు ఏ ఊళ్లో కూర్చుని మాట్లాడారో నాకు తెలియదు. ఆ రోజు మీరు ఒక్క మాట మందలించి ఉంటే నేను మళ్లీ పెట్టె కొనేవాణ్ణి.

ఆ ఒంటిగంట బాధ్యత మా షాపు కుర్రాడు తీసుకున్నాడు. పన్నెండూ యాభైకి నా క్యారేజీ తెచ్చి బల్ల మీద పెట్టేస్తాడు. కాయిల్ చుట్టేటప్పుడు నాకు కోరిక వస్తే చుట్ల లెక్క తప్పిపోతుంది, ముఖం చూసి వాడికి తెలిసిపోతుంది. "అన్నా, నేను లెక్కెడతాను, నువ్వు నీళ్లు తాగి బయట రెండు రౌండ్లు తిరిగిరా" అంటాడు. తమ్ముడూ, వాళ్ల ముందూ వీళ్ల ముందూ నీ మీద విసుక్కున్నాను ఆ నెల రోజులూ. నువ్వు పని మానేసి వెళ్లిపోతే నేను ఏమీ అనగలిగేవాణ్ణి కాదు. వెళ్లలేదు.

ఆ రైతుకి కూడా. మోటారు తిరిగి చుట్టి, డబ్బు తీసుకోకుండా బిగించి వచ్చాను. నేను పొగ మానే ప్రయత్నంలో ఉన్నానని ఎవరో చెప్పారట, రెండు రోజుల తర్వాత లేత మొక్కజొన్న కంకులు సంచెడు పంపారు.

ఇప్పుడెలా ఉందంటే, నాలుగు కిలోలు బరువు పెరిగాను. మొదటి నెల దగ్గు తగ్గకపోగా ఎక్కువైంది, తర్వాత పోయింది. వార్నిష్ వాసన, రాగి కాలిన వాసన ఇంత ఘాటుగా ఉంటాయని నాకు ఇన్నేళ్లూ తెలియదు. కోరిక పూర్తిగా పోలేదు. వాన పడి మట్టి వాసన వచ్చినప్పుడు, పెళ్లి భోజనం చేసి లేచినప్పుడు వస్తుంది. నిన్న కూడా వచ్చింది. ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని స్టేషన్ దాకా నడిచి వచ్చాను, పోయింది.

పిన్నీ, ఈ ఆదివారం వస్తున్నాను. పత్తి తీసి ఉంచు.